ఒంటిగొంతు పెట్టె

నా పేరు డాన్సెట్. రికార్డులు పాడించే పెట్టెను. ఎరుపూ మీగడ రంగూ కలిసిన రెక్సిన్ తొడుగు, పైన మూత, మోసుకెళ్లడానికో పిడి, ముందు జాలీ వెనకాల ఒకే ఒక్క స్పీకరు. పెట్టె లండన్‌లోని మార్గోలిన్ వాళ్లది, లోపల తిరిగే యంత్రం బర్మింగ్‌హాం వాళ్లది. పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకోవలసిందేమీ లేదు. నా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అంతా కలిపి పదిలక్షల పైమాటే అంటారు.

1963లో షెఫీల్డ్‌లో ఒకాయన తన పదిహేనేళ్ల కూతురి కోసం నన్ను వాయిదాల మీద కొన్నాడు. ఆ ఇంట్లో ముందుగదిలో బీరువా అంత రేడియోగ్రామ్ అప్పటికే ఉంది. దాని మీద ఏం పాడాలో పెద్దవాళ్లే తేల్చేవాళ్లు. నాకేమో పిడి ఉంది కదా, ఆ పిల్ల నన్ను పట్టుకుని మేడమీది తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పిల్లలకంటూ ఒక సంగీతం ఎలా పుట్టిందని పెద్ద పెద్ద పుస్తకాలు రాశారు. సగం జవాబు నా పిడిలోనే ఉందని నేనంటాను.

అప్పట్లో బీబీసీ రేడియోలో రోజుకు ఇన్ని గంటలే రికార్డులు వేయాలని సంగీతకారుల సంఘంతో ఒప్పందం ఉండేది. 1964లో రేడియో కరోలైన్ వాళ్లు సముద్రంలో ఓడ నిలిపి, అక్కడినుంచి పాటలు ప్రసారం చేసేదాకా ఆ కరువు తీరలేదు. కోరిన పాట కోరినప్పుడు వినాలంటే కొనుక్కోవాల్సిందే. పౌండుకు దాదాపు మూడు చిన్న రికార్డులు వచ్చేవి. శనివారం చేతిఖర్చు డబ్బులన్నీ వాటికే. బీటిల్స్ రికార్డులు పార్లోఫోన్ లేబులు మీద వచ్చేవి. మీ ఇళ్లలో కుక్కబొమ్మతో తిరిగిన హెచ్.ఎం.వి. రికార్డులకూ వాటికీ తల్లి కంపెనీ ఒకటే, ఈ.ఎం.ఐ.

నా నడిమి కడ్డీకి పది రికార్డులు ఎక్కించేది. ఒక్కొక్కటే జారి పడేది, చెయ్యి దానంతటదే వచ్చి వాలేది. ఒక్కో పాట రెండున్నర నిమిషాలు, దొంతర మొత్తం అరగంటలోపే. 1965లో బాబ్ డిలన్ పాట ఒకటి ఆరు నిమిషాలు దాటి సాగింది, పైన వేలాడే మిగతావాటికి విసుగు పుట్టే ఉంటుంది. కింద దొంతర పెరిగేకొద్దీ పైనున్న రికార్డు జారి, పాట మూలిగేది. ఇన్ని పాటలు పాడించినా ముల్లు మార్చాలన్న ఆలోచన ఆ పిల్లకు రాలేదు. అరిగిన ముల్లు గాడి తప్పుతుంటే, వాళ్ల తమ్ముడు నా తల మీద ఒక పెన్నీ బిళ్ల పెట్టి టేపు అంటించాడు. తలనొప్పికి పట్టీ వేస్తే ఉపశమనం, నాకు వేసింది బరువు.

1964లో కింక్స్ బృందం పాట మొదటిసారి పెట్టిన రోజు తండ్రి మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు, వాయిదాలు తీరకముందే స్పీకరు చిరిగిందని. చిరిగిన మాట నిజమే, నాది కాదు. డేవ్ డేవిస్ అనే కుర్రాడు తన చిన్న యాంప్లిఫయరు స్పీకరును బ్లేడుతో కోసి, ఆ గరగరనే గిటారు గొంతుగా మార్చుకున్నాడు.

స్టూడియోలో మోగింది ఎంతైనా, చివరికి నా ఈ ఒక్క నోటిగుండానే బయటికి రావాలి. ఆ సంగతి స్టూడియోవాళ్లకు బాగా తెలుసు. అమెరికా రికార్డుల్లో బేస్ గిటారు గుండె మీద దరువేస్తుంటే, ఇంగ్లండు రికార్డుల్లో వినీ వినపడనట్టుండేది. కారణం నేనే. బేస్ పెరిగితే గాడి బాగా ఊగుతుంది, చవక పెట్టెల ముల్లు ఎగిరిపడుతుంది, కొన్నవాళ్లు రికార్డు వెనక్కి తెచ్చిస్తారు. గాడి కోసే ఇంజనీర్లు నాకు అంతగా భయపడ్డారు. 1966లో బీటిల్స్ ‘పేపర్‌బ్యాక్ రైటర్’ పాటకు జెఫ్ ఎమెరిక్ అనే ఇరవయ్యేళ్ల ఇంజనీరు ఆ భయం వదిలేశాడు. పాల్ మెకార్ట్నీ బేస్‌కు మైకు బదులు ఒక పెద్ద స్పీకరునే ఎదురుగా పెట్టి శబ్దం పట్టాడు. ఆ రికార్డు నా మీద పడ్డ రోజు నా ముల్లు ఎగరలేదు. అది పెన్నీ గొప్పతనమని ఆ తమ్ముడు ఊరంతా చెప్పుకున్నాడు.

అదే ఏడాది అమెరికాలో బీచ్ బాయ్స్ వాళ్ల ‘పెట్ సౌండ్స్’ వచ్చింది. దాన్ని కూర్చిన బ్రయన్ విల్సన్‌కు కుడిచెవి దాదాపు వినపడేది కాదు. రెండు స్పీకర్ల స్టీరియో జోలికి పోకుండా ఒంటి స్పీకరుకు సరిపోయే మోనోలోనే ముగించాడు. ఒంటిచెవి వాడు కూర్చిన పాటను ఒంటిగొంతుతో పాడినప్పుడు నాకు ఏ లోటూ కనిపించలేదు.

1967 వేసవిలో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’. ఆ నలుగురూ దగ్గర కూర్చుని వారాల తరబడి చూసుకున్నది మోనో మిశ్రమాన్ని. స్టీరియోది తర్వాత కొద్ది రోజుల్లో వాళ్లు లేకుండానే ముగించారు. రికార్డు చివరి గాడిలో అర్థంపర్థం లేని మాటలు గుండ్రంగా తిరిగేలా కోశారు. నా చెయ్యి దానంతటదే లేస్తుంది కాబట్టి మా గదిలో ఒక్క తునక వినపడి ఆగిపోయింది. చేత్తో ఎత్తాల్సిన పెట్టెలున్న ఇళ్లలో ఎవరో ఒకరు లేచేదాకా ఆ వాగుడు ఆగేది కాదు.

రెండేళ్లు గడిచేసరికి ఇంట్లోకి స్టీరియో వచ్చింది. రెండు స్పీకర్లు, చెరో మూలా. డ్రమ్ములు ఇటునుంచి, పాట అటునుంచి వస్తుంటే ఇంటిల్లిపాదీ నోరెళ్లబెట్టారు. నన్ను అటకెక్కించారు. ఎక్కించేటప్పుడు మర తిప్పి ఆపకుండా ఉత్త ప్లగ్గు పీకేశారు. ఈ ఒక్కటి మాత్రం నేను క్షమించలేదు. మర ఆపితే నా రబ్బరు చక్రం మోటారు ఇరుసు నుంచి పక్కకు తప్పుకునేది. ఆపలేదు కాబట్టి ఏళ్ల తరబడి అదే చోట ఒత్తుకుని సొట్టపడింది. పక్కనే నీళ్ల తొట్టి, ఏడాది పొడవునా చెమ్మ. ముల్లు కదలికను కరెంటుగా మార్చేది నా తలలోని ఉప్పు స్ఫటికం. అది తేమ పీల్చి పీల్చి మెత్తబడి కరిగిపోయింది. మూత అంచున రెక్సిన్ లేచింది. పొరుగున క్రిస్మస్ అలంకరణల డబ్బా ఉండేది. అది ఏటా డిసెంబరులో కిందికి దిగి, పండగ చూసి, జనవరిలో మళ్లీ వచ్చేది. నన్నెవరూ పిలవలేదు. 1969 చివర్లోనే మార్గోలిన్ కంపెనీ మూతపడింది. పుట్టింటి కబురు కూడా నాకు అటక మీదే.

పిల్ల పెళ్లి చేసుకుని వెళ్లింది. తండ్రి పోయాడు, తల్లి పోయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత దుప్పట్లతో కలిపి నన్ను పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. చేతులు మారి మారి ఒక ముసలి మెకానిక్ దగ్గర తేలాను. ఆయన కొత్త రబ్బరు చక్రం వేశాడు, ఉబ్బిన కండెన్సర్లు తీశాడు, తలకు కొత్త కార్ట్రిడ్జి పెట్టాడు. టేపు ఊడదీస్తే పెన్నీ బిళ్ల ఊడిపడింది. 1971లోనే చెల్లకుండా పోయిన బిళ్ల, నా నెత్తి మీద అన్నాళ్లు చెల్లింది.

ఇప్పుడు నన్ను కొన్నవాడు కుర్రాడు, సంగీతం అంటే ప్రాణం. 2014లో బీటిల్స్ మోనో రికార్డులను మళ్లీ వినైల్ మీద వేస్తే, అవన్నీ కొన్నాడు. అసలు వినాల్సింది మోనోనే అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెబుతాడు. నన్ను గూట్లో మూత తెరిచి, అందరికీ కనపడేలా పెట్టాడు. మొన్న వాడి స్నేహితుడు ఆ కొత్త రికార్డుల్లో ఒకటి తీసి నా పళ్లెం మీద పెట్టబోతే, “వద్దురా, దాని ముల్లు గాడిని తినేస్తుంది” అని చెయ్యి పట్టుకుని ఆపాడు. దాన్ని తీసుకెళ్లి ఖరీదైన కొత్త యంత్రం మీద పెట్టాడు, రెండు నిలువెత్తు స్పీకర్ల మధ్య. రెండింట్లోంచీ ఒకే గొంతు వచ్చింది. దానికి రెండు స్పీకర్లెందుకని వాణ్ణి ఎవరూ అడగలేదు.