నేను దాక్కోను

నేనొక కంట్రోల్ జెండాను. 30 సెంటీమీటర్ల చదరపు గుడ్డముక్కలు మూడింటిని త్రికోణంగా కలిపి కుట్టారు నన్ను. ఒక్కో ముక్క ఐమూలగా సగం తెలుపు, సగం నారింజ. మ్యాపూ దిక్సూచీ చేతపట్టి, దారి ఎవరికి వారే ఎంచుకుంటూ పరుగెత్తే ఓరియంటీరింగ్ ఆటలో, మ్యాపు మీద ఊదారంగు సున్నా ఎక్కడుంటే నేల మీద అక్కడ నేనుంటాను. నా పక్కనే నా నంబరు. మా నంబర్లు 31 నుంచి మొదలవుతాయి.

నా కొలువు స్కాట్లాండులో, మోరే ఫర్త్ తీరాన కల్బిన్ అడవిలో. పైకి అడవే గాని అడుగంతా ఇసుక. ఇళ్ళ కప్పులకని జనం దిబ్బల మీది మారమ్ గడ్డి పీకేస్తుంటే ఇసుకకు పట్టు తప్పింది. ఏళ్ళ తరబడి జరుగుతూ వచ్చిన ఆ ఇసుక, 1694 నాటి తుఫానుతో కల్బిన్ ఎస్టేటు పొలాల మీదికొచ్చి పడింది. మరుసటి ఏడే, 1695లో, ఆ గడ్డి పీకకూడదని స్కాట్లాండు పార్లమెంటు చట్టం చేసింది. 1920ల నుంచి ఫారెస్ట్రీ కమిషన్ వాళ్ళు ఇసుక మీద కొమ్మా రెమ్మా పరిచి, కదలకుండా చేసి, పైన్ మొక్కలు నాటారు. మీ కోస్తాలో సరుగుడు తోటలు వేసినట్టే.

ఇలాంటి నేల మీద కంట్రోళ్ళను వరుసగా కలుపుతూ పోయే కోర్సు వేయడం పెద్ద విద్య. కొండల్లో అయితే బండలుంటాయి, వాగులుంటాయి, రాతిగోడలుంటాయి. ఇక్కడ చాలాచోట్ల పోల్చుకోవడానికి నేల ఆకారమే దిక్కు. గట్టు, గుంత, మిట్ట, మళ్ళీ గట్టు. మ్యాపులో వాటిని చెప్పేవి గోధుమరంగు కాంటూరు గీతలు. మామూలుగా 5 మీటర్ల ఎత్తుకొక గీత గీస్తారు. ఎత్తుపల్లాలు చిన్నవైతే 2.5 మీటర్లకే గీయవచ్చు.

కోర్సు వేసే మా ప్లానరమ్మ ముందుగా నన్నెక్కడ కట్టాలా అని చూడరు. ఒక కంట్రోలు నుంచి ఇంకోదానికి వెళ్ళే దారిలో పరుగెత్తేవాళ్ళకు ఏం ఆలోచన పెట్టాలా అని చూస్తారు. గట్టు వెన్ను మీదుగా వెళ్తే కాలికి నేల గట్టిగా తగులుతుంది, కాని చుట్టుదారి. నేరుగా వెళ్తే ప్రతి గట్టూ ఎక్కి దిగాలి, మెత్తని ఇసుకలో పాదం దిగబడుతుంది. ఏది మేలో పరుగులోనే తేల్చుకోవాలి. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాల్సిన చోట ఆవిడ నన్ను కట్టరు. అలా కడితే ఎదురొచ్చేవాళ్ళే నా చోటు చెప్పేస్తారు. ఒకే పోలికున్న రెండు గుంతల్లో మాలో ఇద్దరిని కట్టాలంటే, మధ్య 60 మీటర్ల ఎడమైనా ఉండాలి.

బల్ల మీద పని అయ్యాక అడవికొస్తారు. నేనుండబోయే చోట నంబరు రాసిన రిబ్బను కట్టి వెళ్తారు. ఆ తర్వాత కంట్రోలర్ గారు వేరుగా వచ్చి, మ్యాపు చూసుకుంటూ ఆ చోటు సరైనదో కాదో తేలుస్తారు. ఇద్దరి మాటా కలిసినప్పుడే అది నా ఇల్లు.

ప్లానరమ్మలో నేను ఎక్కువగా గౌరవించేది ఇంకొకటుంది. ఈ ఇసుక మీద నాచులాంటి లైకెన్లు పరుచుకుని ఉంటాయి. ఎండినప్పుడు బూటు పడితే పొడైపోతాయి, మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. పరుగుదారి వాటి మీదుగా పోకుండా, ఎంత అందమైన మిట్ట అయినా వదిలేసుకుంటారు. పచ్చదనం లాగేస్తే ఇసుక ఏం చేస్తుందో 1694లో చూసిన నేల ఇది.

నన్ను పొదలో దాస్తే ఆట కష్టమవుతుందని కొందరు అనుకుంటారు. అది కష్టం కాదు, అదృష్టం. ఎవరి కన్ను ముందు పడితే వాళ్ళది గెలుపవుతుంది. పైగా మొదట వచ్చినవాళ్ళు వెతికి వెతికి చూపిస్తే, వెనకొచ్చినవాళ్ళు ఊరికే అందుకుంటారు. సరైన గుంత దాకా సొంత తెలివితో వచ్చినవాళ్ళకు నేను వెంటనే కనబడాలి. కష్టమంతా ఆ గుంతను కనుక్కోవడంలో ఉండాలి.

అందుకే దిబ్బలెక్కబోయే పిల్లలకు నాదొక మాట. నారింజరంగు కోసం కళ్ళు చిట్లించుకోకండి. ముందు గట్టును పోల్చుకోండి, ఆ తర్వాత గుంతను. నేల తెలిస్తే నేను ఎలాగూ దొరుకుతాను. నేల తెలియకుండా నేను దొరికితే మాత్రం, అక్కణ్ణుంచి తర్వాతి కంట్రోలుకు మీకు దారి ఎవరు చెబుతారు?