గ్రీన్‌బెల్టు రావు గారు

లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఏ ఊళ్లోనైనా, మన తెలుగు కుటుంబాలు ఓ నలభై పోగై, ఉగాదికి స్కూలు హాలు అద్దెకు తీసుకునే స్థాయికి వచ్చాయంటే, అక్కడ ఒక గ్రీన్‌బెల్టు రావు గారు తయారైనట్టే. అసలు పేరు ఏదైనా కావచ్చు. వయసు యాభై దాటుతుంది. వచ్చిన కొత్తలో ఒక్క గదిలో ముగ్గురితో సర్దుకున్నవారే. ఆ ముగ్గురిలో గిన్నెలు తోమకుండా తప్పించుకు తిరిగినవాడెవడో ఇప్పటికీ పేరు పెట్టి చెబుతారు. తర్వాత వీసా పర్మనెంటయింది, పాస్‌పోర్టు మారింది, ఊరి చివర కొత్త ఎస్టేటులో నాలుగు బెడ్‌రూముల ఇల్లు అమిరింది. గృహప్రవేశం నాడు హోమం పొగకి స్మోక్ అలారం మోగితే, పురోహితుడు మంత్రం ఆపకుండానే కళ్లతో బ్యాటరీ తీసేయమని సైగ చేశాడట.

ఇక్కడి బిల్డర్లకు ఓ మర్యాద ఉంది. ఏ చెట్లు కొట్టారో, ఏ పిట్టల్ని తరిమారో, వాటి పేర్లే వీధులకు పెడతారు. రావు గారి వీధికి ఓక్ చెట్టు పేరు, పక్క వీధికి స్కైలార్క్ పిట్ట పేరు. ఓక్ చెట్టు ఒక్కటి మిగిలింది, ఎస్టేటు బోర్డు మీద.

ఆయన ఇంటి వెనక కంచె అవతల ఓ రైతు పొలం, నగరం పాకిపోకుండా ఇళ్లు కట్టనివ్వని గ్రీన్‌బెల్టు నేల. మే నెలలో రేప్‌సీడ్ పూసినప్పుడు ఎటు చూసినా పసుపే. ఆ పూల మధ్య భార్యతో రావు గారు దిగిన ఫోటో బంధువులందరి ఫోన్లలోనూ ఉంది. ఆ పొలం ఎవరిదో ఆయనకు తెలియదు. వాట్సాప్‌లో మాత్రం ‘మన పొలం’ అని రాస్తారు.

ఒకనాడు వీధి దీపం స్తంభానికి ఓ పసుపు కాగితం వేలాడింది. పొలంలో రెండు వందల యాభై ఇళ్లకు దరఖాస్తు వచ్చిందనీ, అభ్యంతరాలుంటే 21 రోజుల్లో చెప్పుకోవాలనీ కౌన్సిల్ వారి మనవి. చదివిన సాయంత్రమే రావు గారు గ్రీన్‌బెల్టు రావు గారయ్యారు.

మర్నాటికి తెలుగు కుటుంబాల గ్రూపులో పాఠం మొదలైంది. 1938లో లండన్ చుట్టూ ఖాళీ నేల కాపాడడానికి చట్టం, 1947లో ప్లానింగ్ చట్టం, 1955లో డంకన్ శాండిస్ అనే మంత్రి గారి సర్క్యులర్, దాంతో మిగతా నగరాలకూ ఈ బెల్టు పాకడం, ఇవాళ ఇంగ్లండు నేలలో సుమారు ఎనిమిదో వంతు దాని కిందే ఉండడం. దోసె పిండి ఎక్కడ దొరుకుతుందని ఎవరో అడిగిన ప్రశ్న ఈ వరదలో కొట్టుకుపోయింది. ‘బెల్టు అంటే ఊపిరి’ అని ఆయన చివర చేర్చారు. అది మాత్రం చట్టంలో లేదు. గ్రీన్‌బెల్టుకు ఐదు ప్రయోజనాలు రాసి ఉన్నాయి: నగరం అడ్డూ ఆపూ లేకుండా పెరగకూడదు, పక్కపక్క ఊళ్లు కలిసిపోకూడదు, పల్లె నేలలోకి చొరబడకూడదు, పాత ఊళ్ల చారిత్రక వాతావరణం చెడకూడదు, ఊరి లోపల పాడుబడ్డ స్థలాలను ముందు వాడుకోవాలి. అందం, చెట్లు, పిట్టలు, రావు గారి పసుపు పూలు ఈ ఐదింట్లో లేవు. అందుకే గోల్ఫ్ మైదానాలూ కంకర గోతులూ కూడా దర్జాగా గ్రీన్‌బెల్టులోనే ఉన్నాయి.

ఆయన మొదటి అభ్యంతర పత్రం నేను చూశాను. నిజాయితీగా రాశారు పాపం. పడక గది కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుందని ఒక పేరా, ఇంటి ధర పడిపోతుందని రెండు పేరాలు. ఇక్కడి ప్లానింగ్ నియమాల ప్రకారం ఈ రెండూ లెక్కలోకి రావు. కిటికీలోంచి కనిపించేదాని మీద ఎవరికీ హక్కు లేదు. ఇంటి ధర ప్లానింగ్ అధికారికి అనవసరం. ఆ సంగతి తెలిశాక ఒక్క రాత్రిలో రావు గారి భాషే మారిపోయింది. ఇంటి ధర పోయి ‘ప్రాంత స్వరూపం’ వచ్చింది. కిటికీ దృశ్యం పోయి ‘బెల్టు తెరపితనం’ వచ్చింది. ‘ఎవరెవరో వచ్చి చేరతారు’ అన్నది ‘మౌలిక వసతుల మీద ఒత్తిడి’ అయింది. అర్థం వీసమైనా మారలేదు.

ఆ ఊపులోనే ఆయన జీవితంలోకి న్యూట్ ప్రవేశించింది. న్యూట్ అంటే నీటి దగ్గర బతికే తోక ఉన్న ఉభయచరం, చూడ్డానికి మన బల్లికి దూరపు చుట్టం. అందులో గ్రేట్ క్రెస్టెడ్ అనే పెద్ద జాతికి చట్టరక్షణ ఉంది. అది ఉండే అవకాశమున్న చోట బిల్డరు మామూలుగా సర్వే చేయించాలి. చెరువుల్లో దాన్ని వెతికే కాలం మార్చి నడిమి నుంచి జూన్ నడిమి దాకా. కాబట్టి ఏప్రిల్ రాత్రుల్లో రావు గారు రెయిన్‌కోటు వేసుకుని, టార్చిలైటు పట్టుకుని, పొలం పక్క గుంట గట్టున కూర్చోసాగారు.

“బల్లి మీద పడితే పంచాంగం తీసి ఏ భుజం మీద పడితే ఏం ఫలమో చూసుకునే మనిషి,” అన్నారు ఆయన శ్రీమతి, నాకు కాఫీ ఇస్తూ. “మన కావలి ఇంట్లో గోడ మీద బల్లి కనిపిస్తే నన్ను చీపురు తెమ్మనేవారు. ఇప్పుడు దాని అక్కగారి కోసం అర్ధరాత్రి జాగారం.”

“అది బల్లి కాదు, ఆంఫీబియన్,” అని లోపలి నుంచి ఆయన గొంతు.

ఇన్ని రాత్రుల్లో ఆయనకు న్యూట్ కనబడనేలేదు. గుంటలో ఎవరో పడేసిన సూపర్‌మార్కెట్ ట్రాలీ కనబడింది. అదీ ఫోటో తీసి ఫైల్లో పెట్టుకున్నారు.

ఇక ట్రాఫిక్. ఈ అధ్యాయం దగ్గర రావు గారిని నేను పూర్తిగా కొట్టిపారేయలేను. పొద్దున ఎనిమిదింపావు నుంచి తొమ్మిది దాకా ఆ చిన్న రోడ్డు మీద కారు కదలదు. బస్సు గంటకొకటి, సాయంత్రం ఏడు దాటితే అదీ లేదు. డాక్టరు అపాయింటుమెంటు కావాలంటే పొద్దున సరిగ్గా ఎనిమిదికి ఫోను పట్టుకుని క్యూలో ముప్పయ్యో వాళ్లం కావాలి. ఇళ్లు కట్టేవాళ్లు స్కూలుకూ క్లినిక్కుకూ డబ్బిస్తామని కౌన్సిల్‌తో సెక్షన్ 106 కింద ఒప్పందం రాసుకుంటారు. భవనానికి డబ్బు రావచ్చు, అందులో కూర్చునే డాక్టరు ఎక్కణ్నుంచి వస్తాడని రావు గారు అడిగే ప్రశ్నకు నేనింతవరకూ సరైన జవాబు వినలేదు.

అయితే ఆ ట్రాఫిక్‌లో రావు గారి వాటా ఎంత అన్నది కూడా చూడాలి. చిన్నమ్మాయి చదివే స్కూలు వాళ్లింటికి పదిహేను నిమిషాల నడక. ఏడు సీట్ల కారులో ఒక్క పిల్లను కూర్చోబెట్టుకుని ఆయన రోజూ అదే ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నిలబడతారు. నిలబడినంతసేపూ ట్రాఫిక్‌ను తిడతారు. శనివారాలు మడత కుర్చీ వేసుకుని కూడలిలో కూర్చుని, చేతిలో నొక్కుడు మీటరుతో వచ్చీపోయే కార్లు లెక్కపెడతారు. శనివారం లెక్క పనికిరాదండీ, బడి ఉన్న రోజు చూడాలి అంటే, ‘బడి ఉన్న రోజు నేనే డ్రైవింగ్‌లో ఉంటాను కదా’ అని నిజమే చెప్పారు.

బిల్డరు వారు ఊరి హాలులో ప్రదర్శన పెట్టిన సాయంత్రం నేనూ వెళ్లాను. గోడల నిండా బోర్డులు. బోర్డుల మీద నీటిరంగుల్లో చెట్లు, సైకిలు తొక్కే కుటుంబాలు, ఎక్కడా ఒక్క కారు లేదు. బల్ల మీద బిస్కట్లు. రావు గారు చంకలో ఫైలుతో ట్రాఫిక్ నిపుణురాలిని పట్టుకున్నారు. పిల్లకు పాతికేళ్లుంటాయి.

“మీ రిపోర్టులో పొద్దున వచ్చే కార్లు ఇంత తక్కువేమిటి? ఈ ఊళ్లో ఇంటికి ఎన్ని కార్లుంటాయో తెలుసా మీకు?”

“మీ ఇంట్లో ఎన్నండీ?” అంది ఆ అమ్మాయి, కాగితం మీద రాసుకోబోతూ.

“మూడు. కానీ మేము ముందు నుంచీ ఉన్నాం.”

పక్కనే చేతికర్రతో ఓ ముసలావిడ బిస్కట్ తింటోంది. ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. “ముందు నుంచీ అంటే?” అంది నెమ్మదిగా. “మీ ఎస్టేటు కట్టేటప్పుడు కూడా ఇదే హాలు, ఇవే బిస్కట్లు. మీ ఇంటికి వ్యతిరేకంగా నేను నాలుగు పేజీలు రాశాను.”

రావు గారు ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత ఆయనలోని ప్రాజెక్టు మేనేజరు తేరుకున్నాడు. “ఆ ఉత్తరం కాపీ మీ దగ్గర ఉందా అండీ?” అన్నారు. ఉందట. ఇప్పుడు ఆవిడ ఉద్యమానికి అధ్యక్షురాలు, ఈయన కార్యదర్శి. ఆయన ఎస్టేటు మీద ఆవిడ రాసిన నాలుగు పేజీలనే తేదీ మార్చి, ఇళ్ల సంఖ్య మార్చి మళ్లీ పంపారు. ఒక్క వాదన కూడా పాతబడలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఫోను మోగింది. హైదరాబాదు నుంచి బావమరిది. రావు గారు హాలు బయటికి వెళ్లారు గానీ, ఆయన గొంతు వెళ్లలేదు.

“ట్రిపుల్ వన్ సంగతేమైంది బావా? పూర్తిగా ఎత్తేసినట్టా, కానట్టా? ... లేఅవుట్ పర్మిషన్ వస్తుందా రాదా అది చెప్పు ... అరే, చెరువు నిండకపోతే మనకేంటయ్యా, ఇప్పుడు ఊరికి కృష్ణా, గోదావరి నీళ్లొస్తున్నాయి కదా!”

మొయినాబాద్ దగ్గర ఆయనకు ఆరు వందల గజాలున్నాయి. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక కట్టిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటిలోకి వచ్చే నీళ్లు చెడకుండా, దారి మూసుకుపోకుండా 1996 మార్చిలో 111 నంబరు జీవో వచ్చింది. చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు కళ్లెం. 2022 ఏప్రిల్‌లో దాన్ని సడలిస్తూ మరో జీవో, 2023 మేలో పూర్తిగా రద్దు చేస్తున్నామని అప్పటి మంత్రివర్గం ప్రకటన. అప్పటి నుంచీ రావు గారికి ఆ వైపు నుంచి ఏ ఫోనొచ్చినా రక్తపోటు పెరుగుతుంది.

ఆయన లోపలికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. “రావు గారూ, అక్కడ కూడా ఊరు అడ్డదిడ్డంగా పెరగకుండా ఆపినట్టే కదండీ?”

“అది వేరండీ.”

“ఎలా వేరు?”

“అక్కడ అభివృద్ధి కావాలి. ఔటర్ రింగు రోడ్డు పక్కనే ఉంది కదా!”

“ఇక్కడ ఎం25 పక్కనే ఉంది.”

“ఎం25 మీద మీరు ఏనాడైనా సాయంత్రం ఐదింటికి వెళ్లారా?” అని, నాకో కరపత్రం ఇచ్చి వెళ్లిపోయారు.

కౌన్సిల్ కమిటీ ముందు అభ్యంతరదారుకు ఇచ్చేది మూడు నిమిషాలు. రావు గారు 1938 నుంచి మొదలుపెట్టారు. న్యూట్ దాకా వచ్చేసరికి సమయం అయిపోయిందని అధ్యక్షుడు చెయ్యెత్తాడు. కౌన్సిలర్లు అందరూ శ్రద్ధగా విని, చెత్త లారీ మూల మీద తిరగడానికి స్థలం చాలుతుందా అని అరగంట చర్చించారు. చివరికి దరఖాస్తు తిరస్కరించారు. ఆ రాత్రి తెలుగు గ్రూపులో రావు గారికి పూలదండల బొమ్మలు పడ్డాయి. బిల్డరు అప్పీలుకు వెళ్లాడు. బిల్డర్లకిప్పుడు కొత్త బలం వచ్చింది. ఈ పార్లమెంటు కాలంలో 15 లక్షల ఇళ్లు కట్టిస్తామన్న ప్రభుత్వం, 2024 డిసెంబరులో బెల్టులోనే ‘గ్రే బెల్టు’ అని ఒకటి కనిపెట్టింది. బెల్టు ప్రయోజనాలకు పెద్దగా అక్కరకు రాని నేల అని దాని భావం. మన పొలం గ్రే అని బిల్డరు, పచ్చ అని రావు గారు, పసుపు అని మే నెల. తేల్చాల్సింది ప్లానింగ్ ఇన్‌స్పెక్టరు.

రావు గారి మేనల్లుడు ఒకడు ఈ మధ్యే ఉద్యోగం మీద వచ్చాడు. స్లౌలో ఓ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు, వంటగదికి ఆరుగురు హక్కుదారులు. ఆదివారం భోజనానికి వచ్చి, పప్పులో నెయ్యి వేసుకుంటూ, “మామయ్యా, మీ వెనక ఇళ్లు ఎప్పుడు మొదలవుతాయి? బుకింగు ఇప్పుడే తీసుకుంటారా?” అన్నాడు. అత్తయ్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లింది. మామయ్య మాత్రం ఓపిగ్గా 1938 నుంచి మొదలుపెట్టారు.

నాకు ఈ తగువులో నచ్చనిది ఒక్కటే. ఆ హాలుకు వచ్చినవాళ్లందరికీ అప్పటికే ఇళ్లున్నాయి. ఆ రెండు వందల యాభై ఇళ్లలో ఉండబోయేవాళ్లు రాలేదు, ఎలా వస్తారు, తాము ఇక్కడికి చేరతామని వాళ్లకే ఇంకా తెలియదు. మామూలు ఇంటి ధర ఇంగ్లండులో ఏడాది జీతానికి దాదాపు ఎనిమిది రెట్లు ఉన్నప్పుడు, వాళ్ల తరఫున ఒక్క కుర్చీ అయినా ఆ హాలులో వేయాలి.

అందుకే ఎం25 చుట్టూ ఉన్న మన వాళ్లకు ఓ మనవి. మీ వీధి స్తంభానికి పసుపు కాగితం కనిపిస్తే 21 రోజులు గడవనివ్వకండి. ట్రాఫిక్, స్కూలు, డాక్టరు, బస్సు, వరద నీరు గురించి రాయండి; ఇంటి ధర గురించి రాయకండి, అది వృథా. కౌన్సిల్ వెబ్‌సైటులో అభ్యంతరం నమోదు చేసే చోటే, సమర్థిస్తున్నానని నొక్కడానికి కూడా వీలుంటుంది. మన మేనల్లుళ్లకు ఆ సంగతి చెప్పండి.