తాళం తీసినా తిరిగే ఇంజను

బేతంచెర్ల నాపరాళ్ల లోడుతో అహోబిలం వైపు వెళ్లే పాత లారీ ఒకటి ఆళ్లగడ్డలో టీ కొట్టు ముందు ఆగిందనుకుందాం. డ్రైవరు తాళం తిప్పి, చెవి ఊడబీకి జేబులో వేసుకుని, తువ్వాలు దులుపుకుంటూ దిగాడు. టీ చెప్పాడు. లారీ మాత్రం డుగుడుగుమంటూనే ఉంది.

"ఆఫ్ చెయ్యప్పా, ఒక్క మాట ఇనపడ్ల్యా!" అంటాడు కొట్టాయన.

"చేసినాన్నా! తాళం ఈడే ఉండాది సూడు."

జేబులోంచి తీసి కొట్టాయనకు చూపిస్తాడు. క్లీనరుకు చూపిస్తాడు. ఆఖరికి బానెట్ ఎత్తి ఇంజనుకూ చూపిస్తాడు.

ఇంజనుకు ఆ తాళంతో పట్టింపేమీ లేదు. పెట్రోలు బండిలో నిప్పురవ్వ కరెంటుతో పుడుతుంది కాబట్టి తాళం తిప్పగానే ఆరిపోతుంది. డీజిల్ ఇంజనులో అసలు రవ్వే ఉండదు. గాలిని పదహారో, పద్దెనిమిదో వంతుకు కుదించేసరికి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులో పడ్డ డీజిల్ తనంతట తనే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించింది ఈ సూత్రాన్నే. నడిపించడానికే ఆయనకు ఐదేళ్లు పట్టింది. ఆపే తలనొప్పిని తర్వాతివాళ్లకు వదిలేసినట్టుంది.

తర్వాతివాళ్లు పాత లారీల్లో డ్యాష్‌బోర్డు కింద ఒక పిడి పెట్టారు. లాగితే కేబుల్ వెళ్లి పంపు దగ్గర డీజిల్ కట్టేస్తుంది. ఆ కేబుల్ తెగితే క్లీనరు బానెట్‌లోకి దూరి పంపు మీది లీవరును చేత్తోనే లాగాలి. ఈలోగా గుంపులో ఎవరో ఒకరు "బ్యాటరీ వైరు పీకెయ్" అని అరవకుండా ఉండరు. పాతకాలం పంపున్న ఇంజను బ్యాటరీ లేకపోయినా తిరుగుతుంది. వైరు పీకితే అది ఆగదు సరికదా, ఆల్టర్నేటరు మాడే ప్రమాదం అదనం.

మన లారీ మాత్రం లీవరు లాగినా ఆగలేదు. పైగా శబ్దం పెరుగుతోంది. వెనక నీలంగా పొగ. డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టేది ఇప్పుడే.

పని అయిపోయాక కూడా చల్లారని ఉగ్రం అహోబిలానికి కొత్త కాదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కూడా నరసింహస్వామి శాంతించకపోతే దేవతలంతా దూరంగా నిలబడి చేతులు జోడించారనీ, చివరికి చెంచులక్ష్మి వల్లే ఆ కోపం దిగిందనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. లారీకి అలాంటి సంబంధం కుదర్చలేం కాబట్టి మెకానిక్కును పిలవాలి.

మెకానిక్కు చెప్పేది ఒకటే: బండి తన ఆయిలు తానే తాగుతోంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను బుడ్డల నూనెతో నడిచింది. చూసినవాళ్లలో చాలామందికి తేడాయే తెలియలేదట. వంట నూనెను కాదనని ఇంజను ఇంజనాయిలును కాదంటుందా? ఇంజనులోకి గాలిని తోసే టర్బో నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. దాని సీలు అరిగితే ఆయిలు గాలిగొట్టంలోకి కారుతుంది. పాత బండ్లలో ఎయిర్ ఫిల్టరు అడుగున ఆయిలు తొట్టి ఉంటుంది. క్లీనరు భక్తి కొద్దీ గీత దాటించి పోస్తే అదీ లోపలికే పోతుంది. ఇక డీజిల్ కట్టేసి ఏం లాభం? బయటి గాలిలో మండే ఆవిరి ఉన్నా ఇంతే. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో లీకైన ఆవిరిని పీల్చిన ఒక డీజిల్ ట్రక్కు ఇలాగే రేగింది, ఆపబోతే ఆగలేదు. ఆ పేలుడులో 15 మంది పోయారు. నిప్పు ఆ ట్రక్కు నుంచే అంటుకుని ఉంటుందని విచారణలో తేలింది.

తిండి ఆపలేనప్పుడు ఊపిరి ఆపాలి. టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలితే కొన్నిసార్లు ఆగుతుంది. లేదంటే గాలిగొట్టం మూతి మూసెయ్యాలి. అరచెయ్యి అడ్డం పెడితే చెయ్యి పోతుంది. డ్రైవరు విసిరిన తువ్వాలును గొట్టం చివరి కొసదాకా లాగేసుకుంటుంది. గట్టిగా, బల్లపరుపుగా ఉన్నదేదైనా కావాలి. "పలకరా, పలక!" అని మెకానిక్కు అరుస్తుంటే క్లీనరు పక్క బడి వైపు పరుగెత్తుతాడు. లారీలో పది టన్నుల పలకలే ఉన్నాయని గుర్తొచ్చేది కొట్టాయనకు. నాపరాయి ముక్క ఒకటి తెచ్చి మూతికి అదిమిపెడితే ఇంజను రెండుసార్లు దగ్గి, ఒళ్లంతా ఊగి ఆగుతుంది.

పుల్ల దించి చూస్తే ఆయిలు అడుగంటి ఉంది. టర్బో విప్పి చూసేదాకా తాళం ముట్టొద్దని మెకానిక్కు చెప్పి చేతులు కడుక్కోబోతాడు. గుంపులోంచి పెద్దాయనొకరు ముందుకొచ్చి డ్రైవరు భుజం తడతాడు.

"ఆగింది గదప్పా. యాదానికైనా మంచిది, ఒక్కసారి స్టార్ట్ చేసి సూడు!"