పెద్ద పుస్తకం త్వరగా తేలాలంటే: కొన్ని తలకిందుల సలహాలు

ఐదారు వందల పేజీల పుస్తకాన్ని లేటెక్‌లో కూర్చేవాళ్ల కష్టం ఒకటే. కామా ఒకటి మారుస్తారు, కంపైల్ నొక్కుతారు, తెర వంక చూస్తూ కూర్చుంటారు. గడువు నెత్తిమీదున్న పరిశోధక విద్యార్థులు ఇలా సాయంత్రాలు పోగొట్టుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లకు చుట్టుపక్కల దొరికే సలహాలు చాలామటుకు ఆ ఎదురుచూపుల్ని పెంచేవే. నేను చెప్పేవి వాటికి ఎదురు నడుస్తాయి. వినగానే పెడసరంగా తోస్తే తోయనివ్వండి, పాటించి చూడండి.

కొత్త కంప్యూటరు కొనకండి. ఎక్కువ కోర్లున్నాయన్న ఆశతో అసలు కొనకండి. లేటెక్ లోపల పనిచేసే టెక్ ఒక్క కోరు మీదే, మొదటి పేరా నుంచి చివరి పేరా దాకా వరుసగా నడుస్తుంది. మూడో పేజీ ఎక్కడ ఆగిందో తేలితే తప్ప నాలుగోది ఎక్కడ మొదలవ్వాలో దానికి తెలియదు కాబట్టి పనిని పంచలేదు. మిగతా కోర్లు ఊరికే ఉంటాయి.

ఏ చిక్కొచ్చినా “పక్క ఫైళ్లన్నీ తుడిచేసి మళ్లీ నడుపు” అంటారు. తుడవకండి. ఆ ఫైళ్లెందుకున్నాయో తెలిస్తే మీకే చేతులు రావు. డొనాల్డ్ క్నూత్ 1978లో టెక్ మొదటి రూపం తెచ్చేనాటికి కంప్యూటర్లకు మెమరీ బహు తక్కువ. పేజీ పూర్తవగానే బయటికి పంపి దాన్ని మరిచిపోవడం టెక్ పద్ధతి. మరి పదో పేజీలో “412వ పేజీ చూడండి” అని పడాలంటే? 412 ఇంకా పుట్టనే లేదు. 1980లలో లెస్లీ లాంపోర్ట్ లేటెక్ కట్టినప్పుడు దీనికి దారి చూపారు. ఈ విడతలో తేలిన పేజీ నంబర్లను ఆక్స్ అనే పక్క ఫైల్లో రాసిపెట్టుకుని, వచ్చే విడతలో చదువుకోవాలి. విషయసూచిక సరిగా రావడానికి రెండు మూడు విడతలు పట్టేది ఇందుకే. ఆక్స్ తుడిచారంటే ఆ విడతలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. కంపైల్ మధ్యలో తెగి ఆ ఫైలు పాడైతే మాత్రం తుడవక తప్పదు.

పుస్తకం మొత్తం చూడకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా మనసొప్పనిదీ ఇదే. ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో ఫైలు చేసి, ఇన్‌పుట్‌తో కాకుండా ఇన్‌క్లూడ్‌తో పిలవండి. పైన ఇన్‌క్లూడ్‌ఓన్లీలో ఇవాళ దిద్దుతున్న అధ్యాయం పేరొక్కటే ఉంచండి. మిగతావి కూర్చడం మానేసినా వాటి ఆక్స్ ఫైళ్లను లేటెక్ చదువుతుంది. అందుకే ఏడో అధ్యాయం ఏడోదిగానే, దాని పాత పేజీ నంబరుతోనే మొదలవుతుంది. ముందు ఒకసారి పుస్తకమంతా నడిపి ఉండాలి, అంతే. ఇన్‌క్లూడ్ ప్రతిసారీ కొత్త పేజీ తీస్తుంది కనుక చిన్న విభాగాలకు వాడొద్దు.

బొమ్మలూ చూడకండి. గ్రాఫిక్స్ ప్యాకేజీకి డ్రాఫ్ట్ అని చెబితే బొమ్మ ఉండాల్సిన చోట అదే కొలతతో ఖాళీ గడి గీస్తుంది, పేజీలు కదలవు. వెడల్పు తగ్గించి పెడితే ఫైలు తేలికవుతుందనుకుంటారు. కాదు, అగ్గిపెట్టెంత చూపించినా లోపలికి వెళ్లేది పూర్తి బొమ్మే. జేపెగ్ దాదాపు ఉన్నదున్నట్టు లోపలికి పోతుంది. పారదర్శకత ఉన్న పీఎన్‌జీని మాత్రం ప్రతిసారీ విప్పి మళ్లీ కట్టాలి. దాన్ని ముందే పీడీఎఫ్‌గా మార్చుకోండి.

తెలుగు పుస్తకం కూర్చేవాళ్లకు ఇంకో మాట. ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పడాలని మనం జీలేటెక్ వాడతాం. ఫైలు మొదట్లో పిలిచే ప్యాకేజీలన్నీ ఒకసారి వండి ఫార్మాట్‌గా దాచుకోవడం ఇంగ్లిష్ పుస్తకాలకు మంచి ఉపాయమే. జీలేటెక్‌లో ఓపెన్‌టైప్ ఫాంటు ఎక్కిన తర్వాత అలా దాచడానికి అది ఒప్పుకోదు. ఫాంటు వరస వేరుగా, తర్వాత ఉంచాల్సిందే. లువా లేటెక్ కొత్తది కాబట్టి వేగమని చెబితే నమ్మకండి. మామూలు పాఠానికి అది తరచు నెమ్మదే. జీలేటెక్ ముందు ఎక్స్‌డీవీ అనే మధ్య ఫైలు చేస్తుంది, దాన్నుంచి పీడీఎఫ్ పుడుతుంది. నంబర్లు కుదిరేదాకా నో-పీడీఎఫ్ అని చెప్పి ఆ రెండో పని ఆపండి. జాన్ కాలిన్స్ రాసిన లేటెక్‌ఎమ్‌కే అనే ప్రోగ్రాం ఇదంతా మీ బదులు చూసుకుంటుంది, ఎన్ని విడతలు కావాలో కూడా.

అచ్చుకు పంపే రోజున మాత్రం ఇంతవరకు చెప్పినవన్నీ తిరగేయండి. డ్రాఫ్ట్ తీసేయండి, అధ్యాయాలన్నీ పిలవండి, పక్క ఫైళ్లు తుడవండి, పుస్తకమంతా నడపండి. లాగ్ ఫైల్లో “లేబుళ్లు మారి ఉండొచ్చు, మళ్లీ నడపండి” అన్న మాట కనిపించినంతసేపూ నడపండి. అరుదుగా అది ఎంతకీ పోదు. ఒక పేజీ చివర బొమ్మ “వచ్చే పేజీలో” అని పడేసరికి వరస పొడవై ఆ మాటే బొమ్మ ఉన్న అవతలి పేజీకి జారుతుంది. “ఈ పేజీలో” అని మారేసరికి వరస పొట్టిదై మళ్లీ ఇవతలికి వస్తుంది. అప్పుడు యంత్రాన్ని ఆపి, ఆ వాక్యంలోంచి ఒక మాట తగ్గించండి.