కంచంలో చెయ్యి పెట్టే దొరలు

పెళ్లి బంతిలో కూర్చున్నవాడి ముందు నుంచి అరిటాకు లాగేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఆ పంచాయితీ మనవళ్ల కాలం దాకా నడుస్తుంది. అదే పని కుక్కకు చేసి, దాన్ని ‘ట్రెయినింగ్’ అని చెప్పుకుని మీసం దువ్వే మహానుభావులు మాత్రం కాలనీకొకరు ఉంటారు. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ దీనికి మినహాయింపేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) రోజుల నుంచి మనవాళ్లు రైలు ఉద్యోగాలకు వలస వెళ్లి, క్వార్టర్ల పెరట్లో గోంగూర వేసుకుని, హుగ్లీ గాలికి ఆవకాయ జాడీలు ఎండబెట్టుకున్న చోటు అది. వాళ్లతోపాటు ఈ దొరగారూ వెళ్లారు. పేరెందుకు లెండి, మీ వీధిలోనూ ఉన్నారు.

దొరగారి విద్య ఇలా ఉంటుంది. లాబ్రడార్ గిన్నెలో అన్నం, కోడి మెడలు కలిపి పెడతారు. అది రెండు ముద్దలు మింగగానే వంగి గిన్నె పీకేస్తారు. చుట్టాల వైపు తిరిగి, ‘ఇంట్లో బాస్ ఎవరో దానికి తెలియాలి కదండీ’ అంటారు. పగలంతా పై అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషికి రాత్రి ఎనిమిదింటికి దొరికే ఒకే ఒక్క కింది ఉద్యోగి ఆ కుక్క. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మనకు కొత్తేమీ కాదు. కాకపోతే దుత్తకు పళ్లుండవు.

పళ్లున్నది మొదటిరోజే కరవదు. అది చాలా మర్యాదస్థురాలు. ముందు ఒళ్లు బిగుస్తుంది, తోక ఊగడం ఆగుతుంది. తల గిన్నె మీదికి మరింత వంచి గబగబా మింగుతుంది. తల తిప్పకుండా కనుకొలకుల్లోంచి చూస్తుంది, కంటి తెలుపు అంచు కనిపిస్తుంది. పై పెదవి కొంచెం లేస్తుంది. ఇన్ని దరఖాస్తులూ చెత్తబుట్టలో పడ్డాక గొంతులోంచి గుర్రుమంటుంది. అప్పుడు దొరగారు ఏం చేస్తారు? చెప్పు తీసి ముక్కు మీద కొడతారు. నాలుగు దెబ్బలు పడ్డాక కుక్క గుర్రుమనడం మానేస్తుంది. ‘దారికొచ్చింది’ అని దొరగారు పొంగిపోతారు. ఎర్ర సిగ్నల్ చూడలేక దీపం పగలగొట్టి, ఇక లైన్ క్లియరే అని బండి తోలే డ్రైవరు ఎంత తెలివైనవాడో ఈయనా అంతే. భయం అలాగే ఉంది, పళ్లూ అలాగే ఉన్నాయి, పోయింది హెచ్చరిక ఒక్కటే. తర్వాత ఒకనాడు పక్కింటి పాప బంతి కోసం గిన్నె పక్కకు వస్తుంది. ‘ఏ చప్పుడూ లేదండీ, ఊరికే కరిచింది’ అంటారు దొరగారు. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టమన్నారు కదా, ఆ నామకరణానికి బారసాల ఇక్కడే.

ఎదురు చెబితే ఆయన తోడేలును సాక్షిగా పిలుస్తారు. ‘మందలో ఆల్ఫాదే రాజ్యం, సైన్సండీ!’ అని. ఆ సైన్సు కథ కూడా వినాలి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన మాట అది. 1970లో డేవిడ్ మెచ్ తన పుస్తకంతో దాన్ని లోకమంతా చాటాడు. తర్వాత ఆయనే అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, మంద అంటే రౌడీ, అనుచరులు కాదని, అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న సంసారమని తేల్చాడు. పాత పుస్తకం అచ్చు ఆపేయమని ప్రచురణకర్త వెంటపడ్డాడు. 2022 నాటికి అది ఆగింది. ఇంకో సంగతి: నోటి ముందు ఉన్న తిండి ఎంత చిన్న తోడేలుదైనా దానిదే, పెద్దది కూడా సాధారణంగా లాక్కోదని రాసినవాడూ ఆయనే. అంటే దొరగారికి తోడేలు పాటి మర్యాద కూడా రాలేదు.

మనుషుల్లో మాత్రం ఈ విద్యకు గార్డెన్ రీచ్‌లోనే ఘనమైన చరిత్ర ఉంది. 1856లో ఈస్టిండియా కంపెనీ ‘పాలన బాగోలేదు’ అని పేరు పెట్టి ఔధ్ రాజ్యాన్ని లాగేసుకుంది. నవాబు వాజిద్ అలీ షా లక్నో వదిలి ఇక్కడి మటియాబుర్జ్‌కు వచ్చాడు. ఏడాదికి 12 లక్షల భరణం విదిల్చారు. బెంగాల్ సైన్యంలో ఔధ్ పల్లెల సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారన్న సంగతి దొరలకు గుర్తురాలేదు. 1857లో తిరుగుబాటు రాజుకోగానే నవాబును తీసుకెళ్లి ఫోర్ట్ విలియంలో పెట్టారు. నవాబును కుక్కతో పోల్చే సాహసం నేను చేయను, కంపెనీని మన దొరగారితో పోలుస్తున్నానంతే. నవాబు మాత్రం విడుదలయ్యాక ఇక్కడే పులులు, పాములు, పావురాలతో ఒక జంతుశాల పెట్టి, 1887లో పోయేదాకా వాటిని మేపుతూ బతికాడు. తనది లాగేసుకున్నారని ఆయన వాటి తిండి లాగేసినట్టు ఎక్కడా చదవలేదు.

మటియాబుర్జ్ బిర్యానీ కొట్ల వెనక బంగాళాదుంపను వదిలేసి బొక్క కోసం కొట్లాడే వీధికుక్కలను చూసి ముక్కు మూసుకునేవాళ్లకు ఇంకో మాట. కోల్‌కతాకు ఉత్తరాన మోహన్‌పూర్‌లోని ఐసర్ అనే విజ్ఞాన సంస్థలో అనిందిత భద్ర బృందం ఏళ్లుగా వీధికుక్కల బతుకును చదువుతోంది. పిల్లలు ఎదిగేకొద్దీ తల్లి కుక్క తిండి పంచడం తగ్గించి, కన్నబిడ్డతోనే పోటీకి దిగుతుందని వాళ్లు గమనించారు. కడుపున పుట్టినదానికే వదలని బొక్కను నెల జీతం తెచ్చే మీకు వదలాలా?

తనది కాపాడుకోవడం పిచ్చి కాదు, రోగం కాదు. మనకు లేదా? వాల్తేరు రైల్వే డివిజన్ 2003 దాకా ఈ గార్డెన్ రీచ్‌లోని జోన్ ఆఫీసు పెత్తనం కిందే ఉండేది, తర్వాత భువనేశ్వర్ గిన్నెలోకి వెళ్లింది. 2019లో విశాఖకు రైల్వే జోన్ ప్రకటించగానే కొత్తవలస–కిరండూల్ లైను, దాని మీద దొర్లే ఇనుప ఖనిజం ఆదాయం ఎవరివన్న దగ్గర రెండు రాష్ట్రాల పెద్దలూ ఎలా పళ్లు చూపించుకున్నారో చూశాం. ఒక్కరినీ పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లలేదు.

శిక్షకులు ‘రిసోర్స్ గార్డింగ్’ అని పిలిచే ఈ గుణానికి మందు చెప్పుల దుకాణంలో దొరకదు, కోడిమాంసం కొట్లో దొరుకుతుంది. కుక్క తింటుండగా అది బిగుసుకోనంత దూరంలో, ఏడెనిమిది అడుగుల అవతల నడుస్తూ, దాని మామూలు తిండి కంటే రుచైన ఉడికించిన ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి వెళ్లిపోవాలి. అంతే, మాట్లాడొద్దు, ముద్దు చేయొద్దు. మీ అడుగుల చప్పుడుకు అది తలెత్తి తోక ఊపుతూ ఎదురుచూసే రోజు వచ్చాకే ఒక అడుగు దగ్గరకు జరగాలి. బిగుసుకుందా, తొందరపడ్డారన్నమాట, వెనక్కి జరగండి. వారాలు పడుతుంది. బొమ్మో, మీ కొత్త చెప్పో నోట కరుచుకుని మంచం కింద దూరితే దవడ చీల్చి లాగకండి. ముక్క చూపించండి, వదిలాక ముక్క ఇవ్వండి. బొమ్మయితే మళ్లీ దానికే ఇచ్చేయండి. ఇస్తే పోదు, తిరిగి వస్తుందన్న నమ్మకం కుదిరాక అదే తెచ్చి మీ చేతిలో పెడుతుంది. రెండు కుక్కలుంటే రెండు మూలల్లో రెండు గిన్నెలు. వీధిలో పుణ్యానికి అన్నం పెట్టే తల్లులూ, పది కుక్కలకు ఒకే కుప్ప పోసి అవి కొట్టుకుంటే కలికాలమని నిట్టూర్చకండి, విడివిడిగా పెట్టండి.

పిల్లలున్న ఇంట్లో కుక్క తినే చోటు వేరుగా ఉండాలి, తలుపు మూసి ఉండాలి. ఉన్నట్టుండి గుణం మారితే పన్నో చెవో నొప్పేమో వైద్యుడికి చూపించాలి. ఇప్పటికే కరిచిన కుక్కయితే వీరత్వం మాని, కొట్టకుండా నేర్పే శిక్షకుడిని పిలవాలి.

అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే దొరగారు ఈ రాత్రి కూడా గిన్నె పీకుతారు. వారికి ఒక మనవి. పళ్లు దిగితే పసుపూ కారం అద్దకండి. సబ్బుతో, పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు వెళ్లండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, ఒక్కటీ ఎగ్గొట్టకండి. కుక్క ఎలా కరిచిందని డాక్టరు అడుగుతారు. ‘ఊరికే’ అని మాత్రం చెప్పకండి.