పాత బాకీ ఉంటేనే పాత స్నేహం

పెద్ద కంపెనీలో పర్చేజ్ మేనేజర్‌గా కొత్తగా చేరారా? శుభం. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో రెండు లేత్ మిషన్లు పెట్టుకుని మీకు షాఫ్టులూ బుష్‌లూ చేసిచ్చే చిన్న షాపాయనతో పదికాలాలపాటు చెడని బంధం ఎలా పెంచుకోవాలో చెబుతాను. మేనేజ్‌మెంట్ పుస్తకాలు నమ్మకం, పారదర్శకత అంటూ ఏవేవో రాస్తాయి. వాటిని రిటైరయ్యాక చదువుకోవచ్చు. ముందు అసలు కిటుకు పట్టుకోండి: ఇవ్వాల్సింది పూర్తిగా ఇచ్చేసిన రోజున ఆయన ఎక్కడికైనా పోగలడు.

అందుకని మొదటి బిల్లు వారంలో ఇచ్చేయండి, టీ కూడా ఇప్పించండి. రెండో బిల్లులో సగం ఆపండి. మూడో ఆర్డరు బాగా పెద్దది పెట్టండి. ఇక చూడండి. పాత బాకీ రావాలంటే కొత్త సరుకు పంపాలి, కొత్త సరుకు పంపితే బాకీ పెరుగుతుంది. పెళ్లిలో బ్రహ్మముడి కూడా ఇంత గట్టిగా పడదు.

పిలుపు ముఖ్యం. ఆయన మీ నాన్నగారి ఈడువాడైనా "అన్నా" అనండి. "అన్నా, మనలో మనకి పేమెంటేంటి, ఎక్కడికి పోతుంది!" ఇది ఆయన డబ్బడిగినప్పుడు వాడాల్సిన మాట. సరుకులో లోపం దొరికినప్పుడు మాత్రం "మీ వెండర్ కోడ్ చెప్పండి" అనాలి. రెంటినీ తారుమారు చేశారో, బంధం చెడుతుంది.

చట్టం ఉంది కదా అని కంగారుపడకండి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. వినగానే చెమటలు పడతాయి. కానీ ఆ రోజుల లెక్క సరుకును మీరు అంగీకరించాకే మొదలవుతుంది. సరుకందిన 15 రోజుల్లోపు కాగితం మీద అభ్యంతరం పెడితే, అది తీరేదాకా లెక్క మొదలే కాదు. మైక్రోమీటర్ అనే పరికరాన్ని కనిపెట్టింది ఇందుకే.

రెండొందల బుష్‌లలో ఒకదాన్ని తీసి, బయటి కొలత 5 మైక్రాన్లు ఎక్కువుందని రాయించండి. మర్నాడు షాపాయన స్కూటరు మీద వస్తాడు. చెక్కపెట్టెలోంచి నూనెగుడ్డలో చుట్టిన తన మైక్రోమీటర్ తీసి, బుష్‌ను చొక్కా అంచుతో తుడిచి, మీ ఇన్‌స్పెక్షన్ బల్ల మీదే కొలిచి చూపిస్తాడు. డ్రాయింగ్‌లో ఉన్నంతే ఉంటుంది. ఒప్పుకోండి, పెద్దమనసు చూపించండి. "సరే అన్నా, రీ-ఇన్‌స్పెక్షన్ పెట్టేద్దాం" అనండి. ఇన్‌స్పెక్టరు సెలవులో ఉన్నాడని లేస్తూ లేస్తూ చెప్పండి.

జీఎస్టీలో ఇంకా మాధుర్యం ఉంది. 5 లక్షల సరుకుకు 18 శాతం లెక్కన 90 వేల పన్ను. నెలనెలా రిటర్ను వేసేవాడైతే, మీరు రూపాయి ఇవ్వకపోయినా, మరుసటి నెల 20కల్లా ఆయన దాన్ని కట్టేయాలి. భార్య గాజులు కుదువపెట్టి కట్టినా ప్రభుత్వానికి అభ్యంతరం లేదు. ఆ పన్ను తాలూకు క్రెడిట్ మాత్రం మీ కంపెనీ తీసుకుంటుంది. అయితే బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బివ్వకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో సహా తిరిగి కట్టాలి. అకౌంట్స్ సెక్షన్ వాళ్లకు మతిమరుపని ఎవరన్నారో గానీ, 179వ రోజు వాళ్లకు టంచనుగా గుర్తొస్తుంది.

ఈమధ్య ఒక చికాకు వచ్చిపడింది. 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్నులో తెచ్చిన నిబంధన. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటించిన బాకీని, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలంటుంది. అంటే మార్చి నెలాఖరున మీ ఎండీగారికి షాపాయన మీద హఠాత్తుగా ప్రేమ పుడుతుంది. ఆ ప్రేమ ఖరీదెక్కువ. కనుక ముందే, టీ తాగుతూ, "ఆ చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఎందుకన్నా, రద్దు చేసేసుకో, మనిద్దరికీ తలనొప్పి తగ్గుతుంది" అని చెవిన వేయండి.

బాకీ రాలేదని ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తాడేమో అంటారా? చేయొచ్చు. 2017 నుంచీ ఆ సదుపాయం ఉంది, ఆ ఫిర్యాదును రాష్ట్ర కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలోనూ ఉంది. ఫిర్యాదు పెట్టిన మర్నాడు ఆర్డర్లు ఆగిపోతాయని ఆయనకూ తెలుసు. షట్టర్ అద్దె, కరెంటు బిల్లు, శనివారం కుర్రాళ్ల జీతాలు ఏ కౌన్సిలూ కట్టదు. అందుకే మింగలేక కక్కలేక మళ్లీ మీ గేటు దగ్గరికే వచ్చి, సెక్యూరిటీ పుస్తకంలో "పర్పస్" అన్న చోట "పేమెంట్ ఫాలో-అప్" అని రాసి కూర్చుంటాడు. పాత పుస్తకాలు తిరగేస్తే అదే చేతిరాత ఏళ్ల తరబడి కనిపిస్తుంది. దీర్ఘకాల సంబంధమంటే ఇదే కదా.

జాగ్రత్తపడాల్సింది ఒక్కరితోనే. ఏదో ఒకరోజు ఆయన బదులు కొడుకు వస్తాడు. కుర్చీలో పూర్తిగా వెనక్కి జారగిలి కూర్చుంటాడు. మీరు "తమ్ముడూ" అంటే "చెప్పండి సార్" అంటాడు. డ్రాయింగ్ చూడకముందే సగం అడ్వాన్సు అడుగుతాడు, మిగతాది సరుకు ఎత్తే ముందు అంటాడు. నాన్నగారి బాకీకి వడ్డీ లెక్క ప్రింటు తీసుకొచ్చి, మీ టీ కప్పు పక్కన పెడతాడు. ఇలాంటి కుర్రాళ్లతో అనుబంధాలు కుదరవు. టీ చల్లారేలోపు మొత్తం చెక్కు రాయించి పంపించేయండి.