కొవ్వు గడ్డల చిన్నాయన

మా వంశమున వైద్యవిద్య నభ్యసించినవారు లేరు. ఆ లోటు ఎవ్వరికిని తెలియకుండ మా చిన్నాయన నలువదియేండ్లుగా కాపాడుకొని వచ్చుచున్నాడు. శాలిబండలోని ఆయన యింటి అరుగు ముందునుండి పోవు మనుష్యుని మెడమీదనో ముంజేతిమీదనో చర్మము క్రింద ఇంచుక ఉబ్బు కనబడెనా, అతడు బంధువా, బాకీ వసూలునకు వచ్చినవాడా, శుభలేఖ ఇయ్యవచ్చినవాడా అను విచారణ లేకయే, "ఇటు రా నాయనా, ఏందది, చూపియ్యి" అని పిలిచి, సాసరులో పోసికొన్న చాయ ఎడమచేత నుండగనే కుడిచేతి రెండు వ్రేళ్లతో దానిని పట్టి చూచును. బీపీ చూచు మామలు, జాతకము చూచు అత్తలు ఎల్లరకును గలరు. మావాడు గడ్డలకు మాత్రమే అంకితుడు.

ఆ పట్టుట చూడవలసినదే. చార్‌కమాన్‌లో బంగారము పరీక్షించు సేటువలె మొదట కన్నులు మూసికొనును. పిదప గడ్డ అంచున బొటనవ్రేలితో మెల్లగా నొక్కును. అది నానిన చింతగింజవలె వ్రేలిక్రిందనుండి జారి పక్కకు తొలగును. అప్పుడు కన్నులు తెరచి, "కదులుతున్నది. మెత్తగున్నది. నొస్తలేదు గద? కొవ్వే, బేఫికర్ ఉండు" అని తీర్పు చెప్పును. దుఃఖకరమైన విషయమేమనగా, లైపోమా యని నామకరణము చేసి వైద్యులు చూచు తీరును ఇంచుమించు ఇదియే. ఈ గడ్డ దాదాపు నూటికొకరికి ఉండునట, ముఖ్యముగా నలువది యేండ్లు దాటినవారికి. వైద్యులు సెంటీమీటర్లలో చెప్పుదురు, ఈయన రేగుపండు, ఉసిరికాయ, నిమ్మకాయ యని చెప్పును; భేదమంతయు అంతలోనే యున్నది.

నా ముంజేతిమీద రేగుపండంత గడ్డ కనబడిన దినమున మాత్రము ఆయన "బేఫికర్" అని ఊరకుండలేదు. సుశ్రుత సంహిత నిదానస్థానము 11వ అధ్యాయమున మేదోజ గ్రంథి యను పేర దీని లక్షణములు గలవు: నున్ననిది, పెద్దది, నొప్పి తక్కువ, దేహము బలిసినచో తాను బలియును, చిక్కినచో తాను చిక్కును, పగిలినచో తెలికపిండిని, నేతిని బోలిన కొవ్వు వెలువడును. ఇందులో "చిక్కును" అను మాటను పట్టుకొని ఆయన నాచేత కార్తికమాసమంతయు ఒంటిపూట భోజనము చేయించెను. ఐదు కిలోలు తగ్గితిని, బుగ్గలు పీక్కొనిపోయెను, చుట్టునున్న కండ తరిగిపోవుటచే గడ్డ మాత్రము మునుపటికంటె ఠీవిగా నిలిచెను. ఉపవాసమునకు ఈ కొవ్వు కరగదని పిమ్మట సర్జను చెప్పగా, "సుశ్రుతుడు శరీరమన్నడు, నీలెక్క మొండి శరీరమనలే" అని ఆయన నన్నే తప్పుపట్టెను.

ఆ సర్జను చెప్పినదంతయు చిన్నాయన నా పక్కన కూర్చుండి, శిష్యుడు పాఠమప్పగించుచుండ గురువు వినునట్లు వినెను. స్కానింగులో చర్మము క్రింద కొవ్వే కనబడినది; బాధింపనిచో వదలివేయవచ్చును; తీయింపదలచిన ఆ చోటు మాత్రము తిమ్మిరెక్కునట్లు సూది వేసి, చిన్న గాటు పెట్టి, పొరతో సహా పిండి వెలికి తీయుదురు; అదే దినమున ఇంటికి రావచ్చును. తిరుగుదలలో నయాపూల్ మీద ఆటో ఆపించి, ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు చూపుచు ఆయన ప్రసంగమారంభించెను. దీనికి ముందుండి 1908 మూసీ వరదలో కొట్టుకొనిపోయిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, క్లోరోఫాం మత్తు సంగతి తేల్చుటకు 1888లోను 1889లోను ఇచ్చట నడచిన కమిషన్లు, నాడి కాదు శ్వాసను కనిపెట్టుడని వాదించిన వైద్యుడు లారీ దొర, నిజాము మహబూబ్ అలీ పాషా ద్రవ్యసాహాయ్యము, లండన్ నుండి దిగిన వైద్యుడు లాడర్ బ్రంటన్, ప్రయోగములకు ప్రాణములిచ్చిన కుక్కలు, కోతులు—అన్నియు వచ్చెను. "లోకానికి మత్తుమందు సంగతి చెప్పిన ఊరు మనది. చిన్న సూదికి భయపడ్తవా?"

ఇంత పలికిన మహానుభావుని వీపుమీద నిమ్మకాయంత గడ్డ ఇరువదిరెండేండ్లుగా నున్నది. ఒకసారి బల్లమీద బోర్లా పరుండియు, సూదిని చూచినంతనే లేచి, చొక్కా గుండీలు తప్పు రంధ్రములలో పెట్టుకొనుచు, "ఇయ్యాల శనివారం" అని బయటపడెను. ఆ దినము బుధవారము.

ఐనను ఆయనపై కోపము నిలుపుకొనుట కష్టము. గౌలిపురలో పూలమ్ము ఒకతని తొడమీది గడ్డను పట్టి చూచినప్పుడు ఆయన చేయి తటాలున వెనుకకు వచ్చుట నేనెరుగుదును. అది కదలలేదు, లోతుగా, గట్టిగా నున్నది, మూడు నెలలలో పెరిగినదట. చిన్నాయన ఏ పండు పేరును చెప్పలేదు. "ఇది నా పద్దుల లేదు" అని మాత్రమని, మరునాడు తెల్లవారుజామున ఆరుగంటలకే అతనిని ఆసుపత్రికి తోడుకొనిపోయి, చీటీల వరుసలో తాను నిలుచుండెను. ఎమ్ఆర్ఐ, ముక్కపరీక్ష ముగియువరకు ఇంట నెవ్వరి గడ్డను ముట్టలేదు.

ఇక నా గడ్డ. వేసవిలోను పొడుగుచేతుల చొక్కాలే తొడుగుచున్నాను. వ్రాయునపుడు ఎడమచేయి దానికదియే అచ్చటికి పోయి, నొక్కి, జారించి, మరల నొక్కుచున్నది. నిన్న చిన్నాయన చొక్కా మీదనుండియే తడిమి, "ఉసిరికాయైంది" అనెను. "మరి నీది ఎప్పుడు తీయించుకుంటవు?" అని అడిగితిని. ఆయన చాయను సాసరులోనికి వంచుకొని, "నీదైనంక" అనెను.

చిన్నాయన తనది తీయించుకొన్న మరునాడే నాదని నేను మా ఇంటిలో అంతకు ముందే చెప్పియుంటిని.